చేప నూనె లిపిడ్ (కొవ్వు ద్రవం) నరంలోకి ఎక్కించిన పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఉన్నారా? (వైజాగ్)

అందరికీ నమస్తే. మా చెల్లి బాబు నెలలు నిండకుండా పుట్టాడు, పేగు పాడైపోయి ఆపరేషన్‌లో చాలా వరకు తీసేశారు, అప్పటి నుంచి ఇక్కడ ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) టీపీఎన్ మీదే, అంటే నరం ద్వారా ఎక్కించే ఆహారం మీదే ఉన్నాడు. సిరంజితో కొంచెం పాలు పట్టినా పొట్ట ఉబ్బిపోతోంది. ఇప్పుడు కామెర్లు కూడా, కళ్ళు బాగా పచ్చబడ్డాయి, రక్త పరీక్షలో డైరెక్ట్ బిలిరుబిన్ (కామెర్లకి కారణమయ్యే పసుపు పదార్థం) 2 దాటింది. టీపీఎన్ ఎక్కువ కాలం ఎక్కితే లివర్‌లో పిత్తం ఆగిపోయి ఇలా అవుతుందట, అందుకే టీపీఎన్‌తో ఇచ్చే సోయా నూనె లిపిడ్ ఆపి చేప నూనెది పెడదామంటున్నారు డాక్టర్ గారు.

నాకు అర్థమైనంతలో ఇలాంటి లిపిడ్లు రెండున్నాయి: ఒమెగావెన్ మొత్తం చేప నూనే, పిల్లల్లో సరిగ్గా ఈ సమస్యకే 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది, డోసు కిలో బరువుకి రోజుకి 1 గ్రాము. స్మోఫ్‌లిపిడ్ వేరు, అందులోని నూనెల్లో చేప నూనె 15 శాతమే, మిగతావి సోయా, ఆలివ్, ఎంసీటీ అనే ఇంకో రకం నూనె. మహారాణిపేట మందుల షాపుల్లో అడిగితే స్మోఫ్‌లిపిడ్ తెప్పిస్తామంటున్నారు, ఒమెగావెన్ మాత్రం లేదన్నారు.

మీ పిల్లలకి ఏది వాడారు? స్మోఫ్‌తోనే బిలిరుబిన్ దిగిందా, దిగితే ఎన్ని వారాలు పట్టింది? ఒమెగావెన్ దొరికినవాళ్ళు ఎక్కడి నుంచి తెప్పించుకున్నారో, ఎంతైందో దయచేసి చెప్పండి. నోటితో వేసే చేప నూనె చుక్కలు వద్దండీ, వాడి పేగు పీల్చుకోలేదు. చెల్లి చాలా టెన్షన్‌లో ఉంది, తెలిసినంత రాయండి చాలు.