నాలుగు వందల ఫ్లోరైడ్ పేపర్లు, కావలసినప్పుడు ఒక్కటీ దొరకదు

ప్రశ్న (నల్లగొండ):
అందరికీ నమస్తే. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది మునుగోడు దగ్గర పల్లె. మా తాతకు ఆ ఫ్లోరైడ్ నీళ్ల వల్లే మెడ బిగుసుకుపోయి, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. అందుకే ఈ టాపిక్ పట్టుకున్నాను. ఇప్పటికి నాలుగు వందల పైచిలుకు పీడీఎఫ్‌లు జమయ్యాయి. మొన్న గైడ్ గారు "మర్రిగూడ బోర్ల లెక్క ఎందులోది?" అని అడిగితే రాత్రి ఒంటిగంట దాకా వెతికినా దొరకలేదు. ఎక్సెల్‌లో రాయడం మొదలుపెట్టి అరవై వరుసలకే ఆపేశాను. చాలా టెన్షన్‌గా ఉంది. మీరెలా దాచుకుంటున్నారు?

జవాబు (మహబూబ్‌నగర్):
చెల్లె, ఎక్సెల్ వదిలెయ్. జొటెరో వేసుకో, పేపర్ల వివరాలు, పీడీఎఫ్‌లు ఒకచోట దాచే సాఫ్ట్‌వేర్, ఉచితమే. డీఓఐ నంబర్ (ఒక్కో పేపర్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కొడితే రచయితలు, పత్రిక, సంవత్సరం అదే తెచ్చుకుంటుంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే చోటు 300 ఎంబీయే, స్కాన్ రిపోర్టులు పెడితే తొందరగా నిండుతుంది. పీడీఎఫ్‌లు లాప్‌టాప్‌లోనే ఉంచుకో.

అసలు పని ఆ తర్వాత ఉంది. 2016 అక్టోబరుకు ముందు పేపర్లలో "నల్లగొండ జిల్లా" అంటే సూర్యాపేట, భువనగిరి కూడా అందులోనే. నేను పాలమూరు చెరువుల మీద చేసినప్పుడు ఇది చూసుకోలేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్ లెక్కలు పాత పేపర్లలో కలిసి ఉన్నాయని తెలిసేసరికి ఒక చాప్టర్ అంతా మళ్లీ రాయాల్సి వచ్చింది. అందుకే ప్రతి పేపర్‌కూ మండలం పేరు ట్యాగ్ పెట్టు, ఒకటే స్పెల్లింగ్‌తో. శాంపిల్ తీసిన నెల కూడా రాయి, వానలకు ముందు నీళ్లు, తర్వాత నీళ్లు ఒకటి కావు. ఇంకోటి: లీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే ఎక్కువ అని కొందరు, 1.5 దాటితేనే అని కొందరు లెక్కేస్తారు. ఏ హద్దు పెట్టుకున్నారో నోట్ మొదటి వరుసలోనే రాయకపోతే రెండు పేపర్లను పోల్చలేవు.

జవాబు (దేవరకొండ):
అన్న చెప్పింది నిజం. "నల్లగొండ" అని వెతికితే టాంజానియా, ఇథియోపియా పేపర్లు కూడా వస్తాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన ఊరి పేరే కదా. వాటికి "పద్ధతి" అని, మన బోర్లవాటికి "ఊరు" అని వేరే ట్యాగులు పెట్టుకో. వారానికోసారి జొటెరో మూసేసి, దాని డేటా ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. ఆ ఫోల్డర్‌ను మాత్రం ఆన్‌లైన్ డ్రైవ్‌లో సింక్‌కు పెట్టకు, డేటాబేస్ పాడవుతుంది.

ప్రశ్న అడిగినామె:
అన్నా, నిన్న రాత్రి ముప్పై పేపర్లు ఎక్కించాను. మర్రిగూడ లెక్క దొరికింది! అది పేపరే కాదు, శోధగంగ (మన దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్) నుంచి దించుకున్న ఒక థీసిస్‌లో పట్టిక. అక్కడ చాప్టర్లు విడివిడి ఫైళ్లుగా వస్తాయి కదా, ఆ ఫైలు పేరు వట్టి "చాప్టర్ 4". పేజీ నంబర్‌తో సహా గైడ్ గారికి పంపించేశాను. ఇప్పుడు థీసిస్‌లన్నీ ముందు వేసుకుని కూర్చున్నా.