‘నమూనా’ చాలని చోటు

ప్రశ్న: అరేఖీయ (నాన్‌లీనియర్) వ్యవస్థల భౌతికశాస్త్రం గురించి రాస్తూ ‘ప్యాటర్న్ ఫార్మేషన్’ను, అంటే చారలు, గళ్ల వంటి ఆకారాలు వాటంతటవే ఏర్పడటాన్ని, ‘నమూనాల నిర్మాణం’ అన్నాను. సరిపోతుందా?

సమాధానం: సరిపోదని నా అభిప్రాయం. నమూనా అంటే ముందే ఉన్నది, దాన్ని చూసి మరొకటి చేసుకునేది. నిర్మాణం అనగానే నిర్మించినవారు గుర్తుకొస్తారు. ఈ శాస్త్రంలో ఆ రెండూ లేవు. ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త ఆన్రీ బెనార్ 1900లో పలుచని ద్రవపు పొరను అడుగు నుంచి అంతటా సమానంగా వేడిచేసినప్పుడు, పైన తేనెపట్టు గదుల వంటి షట్కోణపు గళ్లు ఏర్పడ్డాయి. ఆ ఆకారం పాత్రలోనూ లేదు, వేడిలోనూ లేదు. వేడెక్కి తేలికైన ద్రవం పైకి లేవబోతుందనీ, స్నిగ్ధత (ద్రవపు చిక్కదనం), ఉష్ణవాహకత దాన్ని అణచిపెడతాయనీ, ఉష్ణోగ్రతల తేడా ఒక అవధిని దాటాకే సంవహనం (వేడితో ద్రవం పైకీ కిందికీ తిరగడం) మొదలవుతుందనీ 1916లో బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త రేలీ వివరించాడు. (పైభాగం తెరిచి ఉన్న బెనార్ పొరలో ముఖ్యకారణం తలతన్యత (ద్రవం ఉపరితలంలోని బిగువు) అని 1950లలో తేలింది కానీ, మన చర్చకు దానితో పనిలేదు.)

గళ్లు సుమారు ఎంత వెడల్పున మొదలవుతాయో రేఖీయ గణితమే చెప్పగలదు. అయితే దాని ప్రకారం ఆ కదలిక అంతులేకుండా పెరుగుతూ పోవాలి. దానికి కళ్లెం వేసేవి, చివరికి నిలిచేవి చారలా షట్కోణాలా అని తేల్చేవి సమీకరణాల్లోని అరేఖీయ పదాలు (టర్మ్స్). కాబట్టి ‘అరేఖీయ’ అంటే వంకరగీత అని సరిపెట్టుకోకూడదు. సమీకరణానికి దొరికిన రెండు పరిష్కారాలను కూడితే మరో పరిష్కారం వస్తుందన్న భరోసా అక్కడ ఉండదని దాని అసలు అర్థం.

‘విన్యాసం’ అందమైన మాటే కానీ, ‘ఎలక్ట్రాన్ విన్యాసం’ రూపంలో రసాయనశాస్త్రం దాన్ని ఎప్పుడో తీసేసుకుంది. పైగా న్యాసం అంటే ఉంచడం. ఉంచిందెవరన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది. నేనైతే ‘క్రమరూపాల ఆవిర్భావం’ అంటాను.

ప్రశ్న: జంతువుల చర్మంపై మచ్చలకు కూడా ‘క్రమం’ నప్పుతుందా? అవి చెదురుమదురుగా ఉంటాయి కదా.

సమాధానం: నప్పుతుందనే అనుకుంటున్నాను. పరస్పరం చర్య జరిపే రెండు పదార్థాలు బాగా వేర్వేరు వేగాలతో వ్యాపిస్తే, సమంగా కలిసి ఉన్న మిశ్రమం కూడా నిలకడ తప్పి మచ్చలుగా విడిపోవచ్చని 1952లో బ్రిటిష్ గణితవేత్త అలన్ ట్యూరింగ్ గణితం ద్వారా చూపాడు. 1990లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగర పరిశోధకులు ఒక రసాయన చర్యలో అలాంటి మచ్చలను చూశారు. అలా పుట్టే మచ్చలు వరుసల్లో లేకపోయినా, వాటి మధ్య ఎడం ఇంచుమించు ఒకటే ఉంటుంది. ఆ ఎడాన్ని నిర్ణయించేవి చర్యల వేగం, వ్యాపన వేగం. ఇక్కడ ‘క్రమం’ అన్నది ఆ ఎడాన్ని దృష్టిలో పెట్టుకునే.