4 ఓమ్‌ల స్పీకర్లకు ఏ ఆంప్లిఫయర్ సరిపోతుంది?

నా ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్లు పేరుకి 4 ఓమ్‌లు. కానీ 100 హెర్ట్జ్ దగ్గర ఇంపీడెన్స్ (కరెంటుకి స్పీకర్ చూపే అడ్డు) 2.8 ఓమ్‌లకి పడిపోతుంది. సెన్సిటివిటీ (ఇచ్చిన సిగ్నల్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే కొలత) 2.83 వోల్టులకు 86 డెసిబెల్స్. 4 ఓమ్‌లలో అది 2 వాట్లు కాబట్టి, ఒక వాట్‌కి లెక్కేస్తే 83 మాత్రమే. గది 5 x 4 మీటర్లు, కూర్చునేది 3 మీటర్ల దూరంలో.

ఇప్పుడున్నది 8 ఓమ్‌లలో 60 వాట్ల ఇంటిగ్రేటెడ్ ఆంప్. తక్కువ వాల్యూమ్‌లో గొంతు ఎంతో హాయిగా వినిపిస్తుంది, దానికోసమే ఈ స్పీకర్లు కొన్నాను. వాల్యూమ్ సగం దాటితే మాత్రం డ్రమ్స్ దెబ్బలో పట్టు పోతుంది, బేస్ ముద్దగా అవుతుంది. 20 నిమిషాలకి ప్రొటెక్షన్ రిలే (ఆంప్‌ని కాపాడే ఆటోమేటిక్ స్విచ్) పడి సౌండ్ ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ మామూలే.

కేబుల్ మందంది వేశాను, డాక్ (డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే పెట్టె, DAC) మార్చాను, స్పీకర్లను గోడకి 70 సెంటీమీటర్ల దూరం జరిపాను. బేస్ కొంచెం తేటపడింది కానీ రిలే పడటం ఆగలేదు. స్నేహితుడి ఏవీ రిసీవర్‌ని 4 ఓమ్‌ల సెట్టింగ్‌లో పెట్టి చూస్తే సౌండ్ ఇంకా పలచబడింది. ట్వీటర్లు (పై స్వరాలు పలికే చిన్న డ్రైవర్లు) కాలిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

రెండు దారులు కనిపిస్తున్నాయి: 8 ఓమ్‌లలో 100, 4లో 200 వాట్లిచ్చే క్లాస్ ఏబీ (సంప్రదాయ రకం) ఆంప్, లేదా 4లో 250 ఇచ్చే క్లాస్ డీ (తక్కువ వేడెక్కే స్విచింగ్ రకం). 3 ఓమ్‌ల కంటే కిందకి దిగే స్పీకర్లతో ఈ రెండూ వాడినవాళ్లు చెప్పండి, ఏది తీసుకోమంటారు?