రెండడుగుల ఉప్పునీటి తొట్టిలో చేపలు మూడా, ఆరా?

గజపతి_తొట్టి (పర్లాకిమిడి):
తొట్టి పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15. లోపల ఎండురాయి 6 కిలోలు, అడుగున అంగుళం మందాన ఇసుక. వెనక వేలాడే ఫిల్టరు, నీళ్ళని కదిలించే చిన్న వేవ్‌మేకరు ఉన్నాయి. ఉప్పు కలిపి నీళ్ళు తిప్పుతున్నాను, చేపలింకా వెయ్యలేదు. షాపాయన ఇచ్చిన జాబితా: క్లౌన్‌లు రెండు, డామ్సెల్‌లు మూడు, క్రోమిస్‌లు రెండు, బ్లూ టాంగ్ ఒకటి. ఎనిమిదీ సరిపోతాయంటున్నారు. నిజమేనా?

ఉప్పునీళ్ళు (బరంపురం):
ముందు నీళ్ళు లెక్కగట్టండి. అద్దం కొలతకి 70 లీటర్లు. పైన రెండంగుళాలు వదిలితే 61. ఇసుక, రాయి ఆక్రమించింది పోగా మిగిలేవి 55. దానికి మూడు చేపలు: క్లౌన్ జత, ఒక చిన్న గోబీ (అడుగున తిరిగే చేప). బ్లూ టాంగ్ అడుగు దాకా పెరుగుతుంది, మీ తొట్టి వెడల్పే అడుగు! వెనక్కి తిరగడానికే చోటుండదు.

రుషికుల్య (ఛత్రపురం):
టాంగ్ వద్దన్నది ఒప్పుకుంటాను. మూడే అన్నది ఎక్కడి లెక్క మాస్టారూ? అంగుళం చేపకి ఇన్ని లీటర్లన్న పాత సూత్రమైతే దాన్ని పక్కన పెట్టండి. రెండంగుళాలవి నాలుగు, ఎనిమిదంగుళాలది ఒకటి, అంగుళాల్లో రెండూ సమానమే. పొడవు నాలుగింతలైతే బరువు అరవై నాలుగింతలు అవుతుంది. చూడాల్సింది రోజూ పడే మేత. కింద 30 లీటర్ల సంపు (తొట్టి నీళ్ళు దిగి మళ్ళీ పైకి వెళ్ళే రెండో తొట్టి) కట్టి, అందులో నురగ తీసే స్కిమ్మరు, కాస్త కీటో నాచు పెట్టి లైటు వేస్తే రెండంగుళాల చేపలు ఆరు హాయిగా ఉంటాయి.

ఉప్పునీళ్ళు:
సరే, మేత లెక్కే తీద్దాం. 45 శాతం మాంసకృత్తులున్న గుళికలు ఒక గ్రాములో నత్రజని 72 మిల్లీగ్రాములు. అదంతా నైట్రేటుగా (మురికి చివరికి మారే రూపం) మారితే 55 లీటర్లలో దాదాపు 6 పీపీఎం, అంటే లీటరుకి 6 మిల్లీగ్రాములు. మూడు చిన్న చేపలకి రోజుకి 0.1 గ్రాము వేశారనుకోండి, వారానికి 4 పీపీఎం చేరుతుంది. వారం వారం 10 శాతం నీళ్ళు మారిస్తే పోయేది ఉన్నదాంట్లో పదో వంతే. కాబట్టి వారానికి ఎంత చేరుతుందో దానికి పదింతల దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. మూడు చేపలకి 40, ఆరింటికి 80. రాయి, నాచు కొంత లాగేస్తాయి, కాదనను. కానీ ఈయన తొట్టికి స్కిమ్మరూ లేదు, సంపూ లేదు. మీరు చెప్పే ఆరు చేపలు మీ సంపుతో కలిపి 85 లీటర్ల మాట.

రుషికుల్య:
అందుకే సంపు కట్టుకోమన్నాను. నైట్రేటుగా మారకముందే మురికిని నురగలో బయటికి తీసేస్తుంది స్కిమ్మరు.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):
కరెంటు పోతే అదీ ఆగిపోతుంది కదా గురూ. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను కొట్టినప్పుడు మన గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇక్కడ చేపల సంఖ్యని తేల్చేది మామూలు రోజు కాదు, కరెంటు లేని రాత్రి. ఉప్పునీటిలో ప్రాణవాయువు మంచినీటికన్నా తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 6.7 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల్లో 6.2. పంపు ఆగితే చేపలే కాదు, రాళ్ళలో ఉండి మురికిని శుద్ధి చేసే బాక్టీరియా కూడా దాన్నే తాగుతుంది. చేపల మురికి నుంచి పుట్టే అమ్మోనియా సంగతి ఇంకోటి. పీహెచ్ 8.2 దగ్గర అందులో విషరూపంలో ఉండే వంతు, పీహెచ్ 7 ఉన్న గోల్డ్‌ఫిష్ తొట్టికన్నా పదింతలకి పైనే.

యూఎస్‌బీ గాలిపంపు ఒకటి, 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. ఒక వాటు పంపుని రోజు పైగా నడుపుతుంది. కొన్ని పవర్‌బ్యాంకులు చిన్న పంపు లాగే కరెంటు చాలక వాటంతటవే ఆగిపోతాయి. ముందే ఒక రాత్రంతా నడిపి చూడండి. క్యానిస్టరు (మూసిన డబ్బా) ఫిల్టరున్నవాళ్ళు మరీ జాగ్రత్త. గంటల తరబడి ఆగాక నేరుగా స్విచ్ వేస్తే లోపల కుళ్ళిన నీళ్ళు తొట్టిలోకి వస్తాయి. ఆ నీళ్ళు పారబోసి, మీడియాని (లోపలి స్పాంజి, రాళ్ళు) ఉప్పునీటితో కడిగాకే వెయ్యండి.

బారువ_అల:
ఇంత గొడవెందుకు? సముద్రం దగ్గరేగా. క్యాన్లు నింపుకొచ్చి వారానికి సగం నీళ్ళు మార్చేస్తే ఎనిమిదీ బతుకుతాయి.

ఉప్పునీళ్ళు:
వానాకాలంలో బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తాయి బాబూ. అప్పుడు ఒడ్డు నీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. ఉప్పదనం 35 (కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు) ఉన్న తొట్టిలో ఆ నీళ్ళు సగం పోస్తే రాళ్ళ మీది పురుగూ పుట్రా ముందు పోతాయి. తెస్తే వేసవిలో, ఏరు కలిసే చోటికి దూరంగా, పోటు మీద ఉన్నప్పుడు తెచ్చి, రిఫ్రాక్టోమీటరుతో ఉప్పదనం చూసి వాడాలి. అయినా నీళ్ళు మార్చడం వల్ల కొట్లాట ఆగదు.

పగడపుదిబ్బ (గుణుపురం):
అసలు మాటకొచ్చారు. జాబితాలో నాకు భయం డామ్సెల్‌ల మీదే. మూడింట్లో ఒకటి రాజవుతుంది, మిగతా రెండూ మూలకి చేరతాయి, తర్వాత క్లౌన్‌ల మీద పడుతుంది. ఎక్కువ వేస్తే కోపం అందరికీ పంచబడుతుందంటారు. పెద్ద తొట్టిలో అది కొంత నిజం. రెండడుగుల్లో తరిమించుకున్నదానికి దాక్కునే చోటేది? క్రోమిస్‌లూ అంతే, గుంపుగా కొన్నా ఒక్కొక్కటే తగ్గిపోతాయి.

క్లౌన్‌లు రెండే. పుట్టినప్పుడు అన్నీ మగవే, జతలో పెద్దది ఆడదవుతుంది. మూడోది వేస్తే రెండూ కలిసి చంపేస్తాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చూసి తెచ్చుకోండి. హేచరీలో పుట్టినవి దొరికితే అవే మేలు, గుళికలకి త్వరగా అలవాటు పడతాయి.

గజపతి_తొట్టి:
అర్థమైంది. మూడుతో మొదలుపెడతాను. ఎప్పుడు వెయ్యొచ్చు? ఏది ముందు?

ఉప్పునీళ్ళు:
ముందు బాక్టీరియా పెరగాలి, దానికి మేత అమ్మోనియా. 55 లీటర్లకి 0.35 గ్రాము శుద్ధమైన అమ్మోనియం క్లోరైడ్ కలిపితే అమ్మోనియా 2 పీపీఎం వస్తుంది. ల్యాబు సరుకే వాడండి, కళాయికి వాడే నవాసాగరం వద్దు. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగితే తొట్టి సిద్ధం. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ముందు గోబీ, మూడు నాలుగు వారాలాగి క్లౌన్ జత. బలమైనవాటిని ముందు వేస్తే తొట్టంతా తమదే అనుకుంటాయి.

తగ్గిన నీళ్ళకి ఉప్పునీళ్ళు పొయ్యకండి, ఆర్వో నీళ్ళే. ఫ్యాను పెడితే రెండు లీటర్లు ఇట్టే ఆవిరవుతాయి, 35 ఉన్న ఉప్పదనం 36 దాటుతుంది.

రుషికుల్య:
ఆరు వదిలేసినా నాలుగో చేప మీద నా మాట మార్చుకోను. చిన్న ఫైర్‌ఫిష్ ఒకటి ఎవరి జోలికీ పోదు, మేతా తక్కువే.

ఉప్పునీళ్ళు:
ఎనిమిది వారాల పాటు నైట్రేటు 20 దాటలేదని పరీక్షలో కనబడితే వేసుకోమనండి, నాకేం అభ్యంతరం లేదు.

పగడపుదిబ్బ:
ఫైర్‌ఫిష్ అయితే ముందు పైన వల బిగించండి. పావు అంగుళం కన్ను చాలు. అద్దం మూత పెడితే గాలి ఆడదు, వేడీ పెరుగుతుంది. వెనక ఫిల్టరు కోసం వదిలే సందు కూడా మూసెయ్యండి, ఆ చేప ఎగిరి బయటపడేది ఎక్కువగా అక్కడినుంచే.