వారానికో థీమ్: ఏడాదికంతా ముందే రాసిపెట్టుకోవాలా?

తెల్లసుద్ద (తిరుపతి):
చిన్న ప్రీస్కూల్లో నర్సరీ చెబుతాను. పద్దెనిమిది మంది పిల్లలు. పోయినేడాది మా మేనేజ్‌మెంట్ బయటినుంచి కిట్ కొన్నది. ఏ వారం ఏ థీమో జూన్ నుంచి మార్చి దాకా అచ్చయి వచ్చింది. జులైలో ‘వర్షం’. కాగితం పడవలు చేయించాలట. మనకు జులైలో పడవ వదిలేంత నీళ్లెక్కడివి? కుళాయి తిప్పి బకెట్లో వదిలించాను. మన అసలు వానలు అక్టోబరు, నవంబరులో కదా. కపిలతీర్థంలో నీళ్లు దూకుతున్న ఆ వారం మా పిల్లలు బస్సు బొమ్మకు రంగులేస్తున్నారు, ఎందుకంటే కిట్లో ‘వాహనాలు’ అని ఉంది. ఏడాదికి ముందే రాసుకోవడం నయమా, ఏ వారానికి ఆ వారం చూసుకోవడం నయమా?

చిత్తూరు నాన్న:
థీమ్ ఏదైతేనేం మేడమ్? పలక మీద అ, ఆ దిద్దిస్తే చాలదా? మా పాప ఎల్కేజీ. మార్చి వచ్చింది, పేరు రాయడం రాలేదు.

గమ్మునుండు:
మావాడికి స్కూలే వద్దు. థీమ్ దాకా రాలేదు మేము.

సెంటర్ అక్క:
నేను అంగన్‌వాడీ. 2024లో కేంద్ర ప్రభుత్వం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు తెచ్చిన పాఠ్యప్రణాళిక ఆధారశిలలో 48 వారాల ప్రణాళిక ఉంది. మొదటి నాలుగు వారాలు పిల్లలు ఏడుపు మాని సెంటర్‌కు అలవాటు పడటానికే. చూసుకుంటూ పోతే చాలు. ముందే రాసి ఉండటమే మంచిది.

బంగారుపాళ్యం రైతు:
జూన్‌లో మామిడి పెట్టండి టీచరమ్మా. మన వైపు అప్పుడు దాన్ని మించింది లేదు.

తెల్లసుద్ద:
పెట్టానండీ. కిట్లో ‘పండ్లు’ వారానికి ఆపిల్ ఇచ్చారు, నేను తోతాపురి తెప్పించాను. సోమవారం ముట్టుకుని, వాసన చూసి మాట్లాడుకున్నాం. మర్నాడు పెద్దవీ చిన్నవీ వరసలో పేర్చి లెక్కపెట్టారు. తర్వాత కోసి తిన్నాం, టెంక కుండీలో నాటాం. చిత్తూరు సార్‌కు చెప్పేది ఇదే: పేరు రాయాలంటే ముందు వేళ్లకు పట్టు రావాలి. మట్టి పిసకడం, వేరుశనగ కాయలు ఒలవడం, అవన్నీ రాతకు ముందు మెట్లే.
కానీ మొలక రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోపు కిట్టు ‘నా కుటుంబం’లోకి వెళ్లిపోయింది. పిల్లలేమో పొద్దున రాగానే కుండీ దగ్గరికే పరుగు. చూడటానికి వచ్చిన మేడమ్ అడిగిన మాట: “ఈ వారం కుటుంబం కదా, కుండీ ఎందుకు ఇక్కడ?”

బంగారుపాళ్యం రైతు:
తోతాపురి ఎందుకు తెచ్చారు? అది గుజ్జు ఫ్యాక్టరీకి పోయే కాయ. పిల్లలకు పండు అని చూపించాలంటే బంగినపల్లి చూపించాలి.

గమ్మునుండు:
పండితే ఏదైనా పండే అన్నా.

బంగారుపాళ్యం రైతు:
తిని చెప్పు.

సెంటర్ అక్క:
పద్దెనిమిది మందిని పెట్టుకుని టెంకలు నాటే కథలు బాగుంటాయి. నా గదిలో మూడేళ్లవాడూ ఐదేళ్లదీ ఒకటే చాప మీద. బరువులు తూయాలి, ఎత్తులు కొలవాలి, ఫోన్లో ఎక్కించాలి, గుడ్లు ఉడికాయా చూడాలి. ఏ వారానికి ఆ వారం ఆలోచించే తీరిక ఎవరికుంది? అచ్చయి వచ్చిన ఆ పుస్తకం లేకపోతే నేను పాటలు పాడించి పంపేస్తాను, అంతే.

తెల్లసుద్ద:
నాకు తీరిక ఎవరిచ్చారక్కా? ఆదివారం కూర్చుని చార్టులు కత్తిరించేది నేను. రంగు కాగితాలు నా డబ్బే. కిట్టు ఉన్నా ఆ పని తప్పలేదు. పైగా అందులో లేనిది చేస్తే సంజాయిషీ.

చిత్తూరు నాన్న:
మీ కష్టం మీది. నా కష్టం వినండి. గురువారం రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో మెసేజ్: రేపు ‘ఎల్లో డే’, పసుపు గౌను, పసుపు పండు, చార్టు. అప్పుడు ఏ అంగడి తెరిచి ఉంటుంది? మామూలు గౌనుతో పంపాను. గ్రూపు ఫొటోలో మా పాపను వెనకాల చివర నిలబెట్టారు. ఆ రోజునుంచి నాకు థీమ్ అంటేనే మంట. అ, ఆలకు గౌను అక్కర్లేదు కదా!

తెల్లసుద్ద:
మాది మీ స్కూలు కాదు సార్. కానీ మా దగ్గరా ఆ మెసేజ్ పెట్టేది నేనే. ఎనిమిదిన్నరకు నాకు చెబుతారు, తొమ్మిదికి మీకు చెబుతాను.

చిత్తూరు నాన్న:
అయితే ముందే రాసిపెట్టండి మేడమ్! నెల ముందు తెలిస్తే నేను కూడా సర్దుకుంటాను. మీరేమో రాసిపెట్టొద్దు అంటున్నారు.

తెల్లసుద్ద:
రాయొద్దు అనలేదు. రాసింది మార్చుకునే వీలు నాకుండాలి అంటున్నా. ఈ ఏడాది నెలకు మూడు వారాలు రాసి గోడకు అంటిస్తాను, నాలుగోది ఖాళీ. వాన వస్తే వాన, మొలక వస్తే మొలక. డ్రెస్సులు అడగను. మేనేజ్‌మెంట్ ఒప్పుకోవాలి, అది వేరే సంగతి.

సెంటర్ అక్క:
ఆ ఖాళీ వారం నాకూ కావాలనే ఉంది. పక్కన ఇంకో మనిషిని ఇస్తే అడుగుతాను.

బంగారుపాళ్యం రైతు:
ఇంతకీ ఆ మొలక ఉందా? ఉంటే అంటు కట్టించండి. టెంకతో లేచిన చెట్టుకు అదే కాయ కాయదు.