ఏటీవీ వెనక బ్రేకులో గాలి ఎంత తీసినా పోవడం లేదు, సాయం చేయండి

మాది నెల్లూరు జిల్లా, మైపాడు దగ్గర. రొయ్యల చెరువు గట్ల మీద మేత బస్తాలు వేసుకెళ్లడానికి పాత ఏటీవీ (లావు టైర్ల నాలుగు చక్రాల బండి) ఒకటి వాడుతున్నాం. ఉప్పుగాలికి వెనక కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును నొక్కి చక్రాన్ని ఆపే భాగం) పట్టేస్తే విప్పి సీళ్లు మార్చాను. అప్పటి నుంచి పెడల్ మెత్తగా కిందదాకా పోతోంది. నాలుగైదు సార్లు వరసగా తొక్కితే గానీ బ్రేకు పట్టదు.

కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్ పోసి, తమ్ముడు పెడల్ తొక్కి పట్టుకుంటే నేను కాలిపర్ మీద గాలి తీసే నిపుల్ వదులు చేసి, వాడు కాలు తీయకముందే బిగించాను. అర లీటరు అయిపోయింది. నిపుల్‌కి తగిలించిన గొట్టంలో ఇంకా ఆవగింజంత బుడగలు వస్తూనే ఉన్నాయి. నిపుల్ మరల్లోంచే గాలి లాగుతోందా? కాలిపర్ విప్పి, ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టి, నిపుల్ పైకి ఉండేలా పట్టుకుంటే పోతుందా? లేక గాలి మాస్టర్ సిలిండర్లోనే (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే భాగం) ఆగిందా?

గట్టుకి రెండు వైపులా నీళ్లే, బండి నడిపేది తమ్ముడు. భయమేసి పక్కన పెట్టేశాను. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండన్నా.