ఫొటోలు సైజు తగ్గించి దాచుకోవాలా, ఒరిజినలే ఉంచాలా?

వరంగల్ నుంచి:
ఈ ఏడాది మా నాన్నగారు పోయారు. పెద్దకర్మకి ఫొటో 12×18 అంగుళాల సైజులో వేయిద్దామని స్టూడియోకి వెళ్లాను. నా దగ్గరున్నది ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన కాపీ, 1200×1600 పిక్సెళ్లు. ప్రింటు చూస్తే కళ్లజోడు అంచు, కనుబొమ్మ కలిసిపోయి మసకమరకలా ఉన్నాయి. ఒరిజినల్ నా ఫోన్‌లోనే ఉండేది. ఫోన్ నిండిపోయిందని నేనే తీసేశాను. జాగా కోసం ఒరిజినల్స్ తీసేయొద్దని నా మాట. కాదనేవాళ్లు చెప్పండి.

విజయనగరం నుంచి:
చదువుతుంటే బాధేసిందండి. కానీ సైజు తగ్గించడమంతా ఒకటి కాదు. మీ కాపీని 18 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 89 పిక్సెళ్లే వస్తాయి, మసకబారక ఏమవుతుంది! గూగుల్ ఫొటోస్‌లో స్టోరేజ్ సేవర్ (సైజు తగ్గించి దాచే పద్ధతి) పెడితే 16 మెగాపిక్సెళ్ల దాకా, అంటే కోటీ అరవై లక్షల పిక్సెళ్ల దాకా ఉంచుతుంది. అంగుళానికి 200 పిక్సెళ్ల చొప్పున వేసుకున్నా మీ ప్రింటుకి 9 మెగాపిక్సెళ్లు చాలు. 2021 జూన్ 1 నుంచి కొత్త ఫొటోలన్నీ గూగుల్ ఖాతాకి ఇచ్చే ఉచిత 15 జీబీలోనే లెక్క. ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే నాలుగు వేలు కూడా పట్టవు. పిల్లలున్న ఇంట్లో అది ఎన్నాళ్లొస్తుంది? నెలనెలా డబ్బు కట్టలేనివాళ్లకి ఒరిజినలే ఉంచమనడం న్యాయం కాదు.

వరంగల్ నుంచి:
డబ్బు సంగతి ఒప్పుకుంటానండి. అందుకు ముందు స్క్రీన్‌షాట్లు, గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఒకే ఫోజులో తీసిన పది షాట్లు తీసేయండి. జేపెగ్‌ని (ఫొటో ఫైళ్లలో మామూలు రకం) ఒకసారి కుదిస్తే పోయిన వివరం మళ్లీ రాదు. పైగా నా కాపీలో తీసిన తేదీ కూడా లేదు. అది అక్క పెళ్లిలో తీసిందా, గృహప్రవేశంలోదా అని అమ్మ అడిగితే చెప్పలేకపోయాను.

తెనాలి నుంచి:
ఇద్దరూ సైజు దగ్గరే ఆగిపోయారు. ఒరిజినల్ అయినా ఒక్కచోటే ఉంటే ఫోన్ పోయిన రోజు అదీ పోతుంది. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ చెప్పిన లెక్క నేను పాటిస్తాను: మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటి బయట. నా హార్డ్‌డిస్క్ ఒకటి మా చెల్లెలి ఇంట్లో ఉంటుంది, సంక్రాంతికి వెళ్లినప్పుడు కొత్తవి ఎక్కిస్తాను. సింక్‌ని, అంటే ఒకచోట చేసిన మార్పు రెండోచోటా జరిగిపోయే ఏర్పాటుని, విడిగా దాచిన కాపీ అనుకోకండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోని ఆ యాప్‌లో డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది. బిన్‌లో ఉండేది 60 రోజులే.

విజయనగరం నుంచి:
రెండు హార్డ్‌డిస్కులు కొనే స్తోమత అందరికీ ఉండదండీ. కుదించినదైనా రెండుచోట్ల ఉండటం, ఒకేచోట ఉన్న ఒరిజినల్ కంటే నయమని నేనంటాను.

వరంగల్ నుంచి:
మొత్తం కుదించమంటే ఇప్పటికీ ఒప్పుకోను. మనుషుల ముఖాలున్నవి మాత్రం ముట్టుకోవద్దు. తెనాలి వారి మాట విన్నాక ఒకటి తట్టింది. నాన్నగారి ఆ ఫొటో తీసిన రోజు మా బాబాయి కూడా పక్కనే నిలబడి ఫొటోలు తీశాడు. ఇప్పుడే ఫోన్ చేశాను, పాత ఫోన్ బీరువాలో ఉందట. రేపు కేబుల్, పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్తున్నాను.